కొట్టివేత ఒకటి

ముప్పై ఆరో సంవత్సరం, ఆషాఢం.
గుంటూరు రిజిస్ట్రారు కచేరీ అరుగు మీద
నాకో చాప, ఒక రేకుపెట్టె, రెండు కలాలు.
మిరప ఘాటుకి తుమ్ముకుంటూ
కూర్చున్నచోటే ఊళ్ళ హద్దులన్నీ తిరిగేవాణ్ణి:
తూర్పు డొంక, దక్షిణం వాగు,
పడమర ఫలానా వారి చేను.

ఆవిడ బండి దిగి తిన్నగా నా చాప దగ్గరికొచ్చింది.
కంటిమందుకని ఇంట్లో చెప్పి వచ్చిందట.
పసుపు కాళ్ళు, కాసంత బొట్టు.
"వీలునామా రాయాలి నాయనా."
మొగుడుండగా వీలునామా రాయించే ఆడమనిషిని
పద్దెనిమిదేళ్ళ నా కలం అంతవరకూ చూడలేదు.
"అయ్యగారికి తెలుసా అమ్మా?"
"పొలం నాది. పసుపు కుంకుమ కింద మా నాన్న ఇచ్చాడు.
చావు కూడా నాదేగా."

పేరడిగాను.
వాడక వాడక అటక మీద పెట్టేసిన గిన్నెని
చీకట్లో తడిమినట్టు కాసేపు తడుముకుంది.
"పేరిందేవమ్మ."
అలవాటుగా 'అంకినీడు గారి భార్య' అని ఎత్తుకోబోయాను.
"ముందు నన్ను రాయి. ఆయన్ని తర్వాత రాద్దువులే."

పెదనందిపాడు దారిలో నల్లరేగడి, రెండెకరాల నలభై సెంట్లు.
కాసులపేరు ఒకటి. కాసులు ఇరవై.
నాలుగు పెద్దాడి అప్పుకి పోయాయి, అవి రాయొద్దంది.
ఇత్తడి గంగాళం, ఒక చెవి విరిగింది.
"విరిగిందని కూడా రాయి.
రేపు ఆ పిల్లని అనకూడదు."

ఆ పిల్ల,
రెండో కొడుకు సన్నిపాతంతో పోతే మిగిలిన కోడలు,
సీతారావమ్మ, పందొమ్మిదేళ్ళు.
ఉమ్మడి ఆస్తిలో ఆమెకి వచ్చేది
ఏడాదికి రెండు చీరలు, మూడు బస్తాల జొన్నలు.
మా రాతల్లో దాన్ని మనోవర్తి అంటాం.
వంటింటి మూల ముద్దకి
అంత అందమైన పేరు ఎవరు పెట్టారో!

నా చెయ్యి దాని దారిన అది పరిగెత్తింది:
'దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో
నీవును, నీ పుత్ర పౌత్ర పారంపర్యముగాను...'
చదివి వినిపించాను.
"ఆగు. దానికి పుత్రులెక్కడున్నారు?"
"ఆనవాయితీ అమ్మా, అందరికీ రాస్తాం."
"ఆనవాయితీని కొట్టెయ్యి.
ఆ మాటుంటే పెద్దాడి పిల్లాణ్ణి దత్తు చేసుకోమంటారు.
దత్తుడి పేరు చెప్పి నా చేను
మళ్ళీ వాళ్ళ గాదెలోకే నడిచొస్తుంది.
అమ్ముకోనీ. బెజవాడ పోయి కుట్టుమిషను కొనుక్కోనీ.
ఇంకో ఇంటికి పోతే పోనీ."
ఆ ఆఖరి మాట మాత్రం
బండి తోలే యలమందకి వినపడకుండా అంది.

గీత గీశాను.
అంచున 'కొట్టివేత ఒకటి' అని రాసి
పక్కన ఆవిడ ఎడమ బొటనవేలు ఒత్తించాను.
సాక్షులు: యలమంద, వేలిముద్ర.
సోడాకొట్టు మస్తాను, ఉర్దూలో సంతకం.

కొంగుముడి విప్పి రాతకూలి లెక్కపెట్టింది.
ఒక అణా ఎక్కువుంది.
"కొట్టేశావుగా, దానికి."
రాసినదానికి డబ్బిచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు నాకు.

మరుసటేడు చట్టం వచ్చింది, వితంతువుకీ వాటా అని.
పొలాలకి అది వర్తించదని ఇంకొన్నాళ్ళకి కోర్టు తేల్చింది.
ఆవిడ పోయాక పెద్దకొడుకు ఆ కాగితం పట్టుకొచ్చి
నా చాప మీదే గొంతుక్కూర్చున్నాడు.
గీత కింద అక్షరాల్ని ఎండకి పట్టి చూశాడు.
"ఇది చెల్లుతుందా పంతులుగారూ?"
పక్కనున్న బొటనవేలు చూపించాను.
తల్లి వేలు అంత దగ్గరగా
అతనెప్పుడైనా చూశాడో లేదో.

ఆ రోజు సంగతి ఇంకొకటుంది.
బండెక్కబోతూ వేలికంటిన సిరా చూసుకుంది.
మట్టితో రుద్దింది, మస్తాను దగ్గర నిమ్మచెక్క అడిగి రుద్దింది.
నలుపు వదల్లేదు.
"ఇంట్లో ఏమంటారో అమ్మా" అన్నాను.
"ఆషాఢమేగా" అంది.
"యలమందా, దారిలో గోరింట చెట్టు కనపడితే ఆపు."